మనుషులకు తొమ్మిది, ఫారాలకు నాలుగు: తైవాన్ కౌంటర్ల మీద విశాఖ నుంచి ఒక సమీక్ష

ద్వారకానగర్‌లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కి తైవాన్ గురించి అడిగినా యూనివర్సిటీ ర్యాంకు, స్కాలర్‌షిప్పు, చిప్ కంపెనీల్లో ఉద్యోగాలు, వీటి గురించే చెబుతారు. దిగిన రోజు రాత్రి ఆకలేసి వీధి చివరి కొట్టులోకి వెళ్తే, బిల్లు కొట్టే అమ్మాయి గుక్క తిప్పుకోకుండా అడిగే నాలుగు ప్రశ్నలకు ఏం జవాబివ్వాలో మాత్రం ఎవరూ చెప్పరు.

తైవాన్‌లో పరాయి దేశస్థులకు దొరికే మర్యాద గురించి యూట్యూబ్‌లో కొండంత చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ మర్యాద ఎవరి చేతిలో ఉంటుందో, ఎంతవరకు పనికొస్తుందో తెలియకపోతే ఉత్తినే మురిసిపోవడమో, ఉత్తినే నొచ్చుకోవడమో జరుగుతుంది. మా లెక్క ఇది: ఎదురుగా మనిషి ఉన్నంతసేపు పదికి తొమ్మిది మార్కులు. ఆ మనిషికీ మీకూ మధ్య ఒక ఫారం, దాని వెనక ఒక కంప్యూటరు వచ్చి చేరాయా, పదికి నాలుగు.

కొట్టు

తైవాన్ జనాభా రెండు కోట్ల ముప్పై లక్షల పైచిలుకు. మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. అంత చిన్న దీవిలో సెవెన్ ఎలెవెన్ కొట్లు 7,000 దాటాయి, ఫ్యామిలీమార్ట్‌లు 4,000 దాటాయి. చాలావరకు రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి. ఎంవీపీ కాలనీలోని ఒక కిరాణా, జిరాక్స్ సెంటరు, మీసేవ, కొరియర్ ఆఫీసు, టీ కొట్టు, ఏటీఎం అన్నీ ఒకే గదిలోకి తెచ్చి ఇద్దరు మనుషులకు అప్పగిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తలుపు తెరుచుకోగానే "హ్వాన్‌యింగ్ గ్వాంగ్‌లిన్" అని వినిపిస్తుంది. దయచేయండి అని అర్థం. దానికి బదులు చెప్పక్కర్లేదు, అక్కడివాళ్ళు తల కూడా తిప్పరు. అసలు పని బిల్లు దగ్గర. సభ్యత్వం ఉందా? ఫోన్లో బిల్లు దాచుకునే ట్సాయ్‌జ్యూ ఉందా? సంచి కావాలా? వేడి చెయ్యాలా? ఇవీ ఆ నాలుగు ప్రశ్నలు. వరస కొట్టును బట్టి మారుతుంది కానీ సారాంశం ఇంతే. ఏటి బాబూ ఇన్ని ప్రశ్నలు అనిపిస్తుంది. భాష తెలియని కొత్తవాళ్ళు అన్నిటికీ తల ఊపేస్తారు. దాంతో అక్కర్లేని సంచికి ఒకటో రెండో తైవాన్ డాలర్లు పడతాయి. చల్లగా తినాల్సిన అన్నపు ముద్ద మైక్రోవేవ్‌లోకి వెళ్ళి, కరకరలాడాల్సిన సముద్రపు నాచు తడిసిన కాగితంలా అయిపోతుంది.

ఇంకో చిక్కు మన తల. "అవును" అనడానికి మనం తలను పక్కలకు ఊపుతాం కదా, అది అక్కడివాళ్ళకు "వద్దు"లా కనబడుతుంది, లేదంటే అసలు అర్థం కాదు. అమ్మాయి అదే ప్రశ్న మళ్ళీ అడుగుతుంది, మనం మళ్ళీ అలాగే ఊపుతాం, వెనక వరస పెరుగుతుంది. తల కదపకుండా నోటితో చెప్పడం మేలు. అక్కర్లేదంటే "బు యోంగ్", సరే అంటే "హావ్". ఈ రెండు మాటలతో మొదటి వారం గడిచిపోతుంది. వరస ఎంత పొడుగైనా ఆ అమ్మాయి మొహం చిట్లించదు. ఫోన్లో అనువాదం తెరిచి చూపిస్తుంది, సంచిని చేత్తో ఎత్తి "ఇదా?" అన్నట్టు చూస్తుంది. తొమ్మిది మార్కుల్లో సగం ఇక్కడే పడ్డాయి.

ట్సాయ్‌జ్యూ అంటే బిల్లును కాగితం లేకుండా దాచుకునే ఫోను బార్‌కోడు. అది లేకపోతే కాగితం బిల్లు ఇస్తారు. ఆ కాగితం పారేయకండి, అది లాటరీ టికెట్టు కూడా. వ్యాపారులు అమ్మకాలు దాచి పన్ను ఎగ్గొట్టకుండా, కొన్నవాడే బిల్లు అడిగి తీసుకునేలా 1951లో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. బేసి నెలల 25వ తేదీన డ్రా తీస్తారు. పెద్ద బహుమతి కోటి తైవాన్ డాలర్లు. మొదటి బహుమతి నంబర్లలో చివరి మూడు అంకెలు కలిసినా 200 డాలర్లు వస్తాయి. డ్రా తర్వాతి నెల 6వ తేదీ నుంచి మూడు నెలల్లోపు తీసుకోవాలి. విదేశీయులకూ ఇస్తారు, చిన్న బహుమతులు కొట్లలోనే చేతికి వస్తాయి. తైవాన్ డాలరు మన రూపాయల్లో సుమారు రెండున్నర నుంచి మూడు మధ్య ఊగుతుంటుంది కాబట్టి 200 అంటే ఒక పూట భోజనం పైమాటే.

కొట్టులో ఒక మూల నిలబడి ఉండే యంత్రాన్ని సెవెన్ ఎలెవెన్‌లో ఐబాన్ అంటారు, ఫ్యామిలీమార్ట్‌లో ఫామిపోర్ట్ అంటారు. ప్రింటు, రైలు టికెట్టు, బిల్లులు అన్నీ దాంట్లోనే. హైస్పీడు రైలు టికెట్టు తీసుకోవాలంటే ముందుగా ఫోన్లో బుక్ చేసుకుని, యంత్రంలో బుకింగ్ నంబరు, పాస్‌పోర్టులో చివరి నాలుగు అంకెలు కొడితే ఒక సన్నటి చీటీ వస్తుంది. చాలామంది దాన్నే టికెట్టనుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు. అది డబ్బు కట్టడానికి ఇచ్చిన బార్‌కోడు మాత్రమే. కౌంటరులో చూపించి డబ్బిస్తే అప్పుడు అసలు టికెట్టు చేతికొస్తుంది. టికెట్టుకు 10 డాలర్లు సేవా రుసుము. చీటీ మీద గడువు వేసి ఉంటుంది, అది దాటితే మళ్ళీ మొదటినుంచి చేయాలి.

ఈ యంత్రం తెరల్లో చాలా భాగం చైనీస్‌లోనే ఉంటుంది. అక్కడ తడబడుతూ నిలబడితే కౌంటరు వదిలి వచ్చి బొటనవేలితో టకటకా నొక్కిపెట్టేవాళ్ళు చాలామందే. ఒక్క జాగ్రత్త. ఒక్కరే డ్యూటీలో ఉండి నలుగురు వరసలో ఉన్నప్పుడు పిలవకండి. ఆ మనిషి కాదనలేడు, అక్కడా ఇక్కడా నలిగిపోతాడు. వరస ఖాళీ అయ్యేదాకా ఆగి, బుకింగ్ నంబరు తెరిచి పట్టుకుని అడిగితే రెండు నిమిషాల పని.

ఏమనుకోకండి

తైవాన్‌లో రోజుకు యాభైసార్లు వినబడే మాట "బు హావ్ ఈ స". దీన్ని సారీ అని అనువదిస్తారు కానీ మన తెలుగులో అంతకన్నా సరైన జోడు ఉంది: "ఏమనుకోకండి". దారి ఇవ్వమన్నా, సర్వరును పిలవాలన్నా, ఎవరైనా మీకు సాయం చేసినా అదే మాట. మీరు సెలవు తీసుకునేటప్పుడు "మాన్ ట్సౌ" అంటారు, మెల్లగా వెళ్ళండి అని. పాతతరం వాళ్ళు తైవానీ భాషలో పలకరింపుగా "తిన్నావా?" అని అడుగుతారు. పూర్ణా మార్కెట్‌లో "భోంచేశారా బాబూ" అన్నట్టే. జవాబుగా నిన్న రాత్రి ఏం తిన్నారో వివరించనక్కర్లేదు.

దారి అడిగినప్పుడే ఎక్కువ తేడా కొడుతుంది. చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో చూపిస్తే ఎదుటి మనిషి కళ్ళు చిట్లించి, తల గోక్కుని, చివరికి ఫోను తీస్తాడు. చదువు రాక కాదు. అక్కడి పిల్లలు బడిలో ఉచ్చారణ నేర్చుకునేది బొపొమొఫో అనే వేరే గుర్తులతో. రోమన్ అక్షరాల్లో చైనీస్ చదివే అలవాటు చాలామందికి లేదు. పైగా ఒకే వీధి పేరు ఒక బోర్డు మీద ఒకలాగా, మరో బోర్డు మీద మరోలాగా రాసి ఉంటుంది. చైనీస్ అక్షరాల చిరునామా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అది చూపించగానే మొహం విప్పారుతుంది. దారి చెప్పి ఊరుకోకుండా మలుపు దాకా నడిచొచ్చేవాళ్ళు అరుదేమీ కాదు.

ఇక మన అలవాటు ప్రకారం "గుడి పక్క సందు, వాటర్ ట్యాంకు ఎదురుగా" అంటే అక్కడ పని జరగదు. అక్కడ అన్నీ అంకెలే: రోడ్డు, దానిలో సెక్షన్, దానిలో సందు, సందులో గొందు, ఇంటి నంబరు, అంతస్తు. ఒక కిటుకు తెలిస్తే చాలు. సందు నంబరు ఊరికే పెట్టింది కాదు. 52వ సందు అంటే రోడ్డు మీద 50వ ఇల్లు దాటాక, 54వ ఇంటికి ముందు తిరిగేది. సరి సంఖ్యలన్నీ రోడ్డుకు ఒక పక్క, బేసి మరో పక్క. కంచరపాలెంలో ఇల్లు వెతికిన వాళ్ళకు ఇది స్వర్గం.

తిండి దగ్గర

మనవాళ్ళ గొడవలన్నీ ఇక్కడే. శాకాహారులకు తైవాన్ చాలా అనుకూలమైన చోటు, కానీ అడగడం తెలియాలి. "మాంసం వద్దు" అని చెబితే వంటమనిషి మీ మాట అక్షరాలా పాటిస్తాడు. గిన్నెలో ముక్కలు ఉండవు. పులుసు మాత్రం ఎముకలు గంటలకొద్దీ ఉడికించినదే. వేపుడు కూరగాయల మీద పంది కొవ్వు, అన్నం మీద చెంచాడు కీమా పోసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ దృష్టిలో ముక్క లేకపోతే మాంసం లేనట్టే. ఇందులో మోసం లేదు, మాట పట్టింపు ఉంది.

"వో చ్ర్ సు" అనాలి. నేను శాకాహారిని అని. ఆ "సు" అనే అక్షరం బోర్డు మీద కనబడితే ఆ దుకాణం మొత్తం శాకాహారమే. చాలాచోట్ల బోర్డు మీద స్వస్తిక గుర్తు కూడా ఉంటుంది. బౌద్ధం నుంచి వచ్చింది కాబట్టి మనకు చూడగానే ఇంటికొచ్చినట్టు ఉంటుంది. బౌద్ధుల కఠిన శాకాహారంలో మన కార్తీకమాసపు వంటలాగా ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు. ప్యాకెట్ సరుకుల మీద ఐదు రకాల శాకాహారం విడివిడిగా ముద్రిస్తారు: పూర్తి శాకాహారం, గుడ్డు కలిసినది, పాలు కలిసినది, రెండూ కలిసినది, ఉల్లి వెల్లుల్లి జాతి కలిసినది. గుడ్డు తినని ఇంటివాళ్ళు మొదటిదాన్ని, మూడోదాన్ని చూసుకుని కొనుక్కోవచ్చు, ఐదోదానిలో గుడ్డు కూడా ఉండొచ్చు. మన ఆకుపచ్చ చుక్క కన్నా ఈ పద్ధతే స్పష్టంగా ఉందని ఒప్పుకోవాలి.

శాకాహార బఫేల్లో పళ్ళెం నింపుకుని వెళ్తే తూకం వేసో, కంటి అంచనాతోనో ధర చెబుతారు. అన్నం ధర వేరు. బరువైన సొరకాయ, టోఫు తగ్గించి ఆకుకూరలు పెంచితే బిల్లు తగ్గుతుందన్నది హాస్టల్ పిల్లలు మొదటి నెలలోనే కనిపెట్టే రహస్యం.

చిన్న నూడుల్స్ కొట్లలో సర్వరు వచ్చి అడగడు. బల్ల మీద సన్నటి చీటీల కట్ట, పెన్సిల్ ఉంటాయి. చీటీలో పదార్థం పేరు, ధర, పక్కన ఖాళీ గడి. ఆ గడిలో టిక్కు కొడితే కొన్నిచోట్ల ఒకటి అనుకుంటారు, కొన్నిచోట్ల వచ్చి ఎన్ని అని అడుగుతారు. అంకె రాయడమే మంచిది. పైన బల్ల నంబరు కూడా రాయాలి, మనవాళ్ళు ఎక్కువగా మరిచేది ఇదే. పక్క బల్లవాళ్ళ చీటీ మీద ఐదు గీతల అక్షరం ఒకటి కనబడుతుంది. మనం నాలుగు నిలువు గీతలు గీసి అడ్డగీత కొట్టినట్టు, వాళ్ళు ఆ అక్షరంలో ఒక్కో గీత పెంచుతూ ఐదు లెక్కపెడతారు. చీటీ కౌంటరులో ఇచ్చేటప్పుడు "ఇక్కడే తింటారా, కట్టివ్వాలా" అని అడుగుతారు. "నేయ్‌యోంగ్" అంటే ఇక్కడ, "వాయ్‌దాయ్" అంటే పార్సిల్.

టిప్పు ఇవ్వకండి. బల్ల మీద వంద డాలర్లు వదిలి వెళ్తే మరిచిపోయారనుకుని వెంట పరిగెత్తుకొచ్చి చేతిలో పెడతారు. కొంచెం పెద్ద రెస్టారెంట్లలో పది శాతం సేవా రుసుము బిల్లులోనే ఉంటుంది. రాత్రి బజార్లలో తిండికి బేరం ఆడే అలవాటు లేదు, జగదాంబ జంక్షన్‌లో పనిచేసే నైపుణ్యం అక్కడ వృథా. యూపీఐ స్కానర్ కోసం వెతక్కండి, బండ్ల దగ్గర నోట్లే నడుస్తాయి. వెయ్యి నోటు ఇచ్చినా విసుక్కోకుండా చిల్లర ఇస్తారు గానీ, కొట్టులో ముందే మార్చుకుంటే వాళ్ళకూ సుఖం.

ముత్యాల టీ కొట్టు గురించి ఒక్క మాట. చక్కెర ఎంత, ఐసు ఎంత అని రెండు ప్రశ్నలు తప్పవు. చక్కెర పూర్తి, ఏడు పాళ్ళు, సగం, మూడు పాళ్ళు, సున్నా అని మెట్లుగా ఉంటుంది. మన నాలుకకు కూడా పూర్తి చక్కెర మొహం మొత్తుతుంది. సగం చెప్పండి.

మెట్రో, క్లినిక్

తైపే మెట్రో 1996లో మొదలైంది. ఛార్జీ 20 డాలర్ల నుంచి 65 దాకా. కొట్టులో 100 డాలర్లకు ఈజీకార్డు కొనుక్కుని డబ్బు వేసుకుంటే బస్సు, మెట్రో, కొట్టు అన్నిటికీ అదే. గేటు దాటాక తిండి, నీళ్ళు, బబుల్‌గమ్ ఏదీ నోట్లో పెట్టకూడదు. జరిమానా 1,500 నుంచి 7,500 డాలర్లు. ముదురు నీలం రంగు సీట్లు వృద్ధులకు, గర్భిణులకు. ఖాళీగా ఉన్నా కుర్రవాళ్ళు కూర్చుంటే చూపులు పడతాయి. గేటు దగ్గర ఉండే సిబ్బంది గది ఈ మొత్తం వ్యవస్థలో మాకు నచ్చిన చోటు: తప్పు స్టేషన్‌లో దిగినా, కార్డు రెండుసార్లు గీసినా, వస్తువు పోయినా అక్కడే తేలుతుంది. పోయిన గొడుగు మీద కూడా ఫారం నింపుతారు. దొరికిన వస్తువు అప్పగించినవాడు దాని విలువలో పదో వంతు మించకుండా బహుమానం అడగొచ్చని అక్కడి చట్టం చెబుతుంది. అడిగేవాళ్ళు తక్కువ.

క్లినిక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పటడుగు ఖరీదు ఇక్కడ ఎక్కువ. జాతీయ ఆరోగ్య బీమా 1995 మార్చి 1న మొదలైంది. ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు చేరిన రోజు నుంచే దాని కిందకు వస్తారు. విద్యార్థులు నివాస కార్డు తీసుకున్నాక ఆరు నెలలు ఆగాలి. ఆ తర్వాత నెలకు 826 డాలర్లు. ఆ ఆరు నెలల్లో దేశం దాటి వెళ్ళడం ఒక్కసారికే చెల్లుతుంది, అదీ ముప్పై రోజుల లోపు, ఆ రోజులు లెక్కలోంచి తీసేస్తారు. సంక్రాంతికి ఇంటికొచ్చి ఫిబ్రవరి దాకా ఉండిపోతే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. సెప్టెంబరులో చేరినవాళ్ళు ఈ ఒక్క విషయం డైరీలో రాసుకోవాలి. ఆ మధ్యకాలానికి యూనివర్సిటీ చూపించే బీమా తప్పకుండా తీసుకోండి.

బీమా కార్డు ఉంటే వీధి క్లినిక్‌లో జలుబు జ్వరానికి నమోదు రుసుముతో కలిపి 150 నుంచి 250 డాలర్ల మధ్య అవుతుంది, మందులతో సహా. మందులు పూటకో పొట్లం చొప్పున కట్టి ఇస్తారు. సాధారణంగా మూడు రోజులకు. రిసెప్షన్ అమ్మాయికి ఇంగ్లీషు రాదని భయపడి వెనుదిరగకండి. తైవాన్‌లో వైద్య విద్య పుస్తకాలు, రోగుల రికార్డులు ఇంగ్లీషులోనే నడుస్తాయి కాబట్టి లోపల కూర్చున్న డాక్టరుకు రోగం పేర్లన్నీ ఇంగ్లీషులోనే వచ్చు. బయట కార్డు ఇచ్చి నంబరు తీసుకోవడం వరకు సైగలతో గట్టెక్కితే చాలు. చాలా క్లినిక్‌లు మధ్యాహ్నం మూసి సాయంత్రం మళ్ళీ తెరుస్తాయి, ఆదివారం చాలావరకు సెలవు.

ఫోను నంబర్లు ఐదు కలగాపులగంగా ఉంటాయి, విడదీసి పెట్టుకోండి. పోలీసులకు 110, అంబులెన్సుకు 119. విదేశీయులకు వీసా, పన్ను, చట్టం గురించి ఏ సందేహమైనా 1990, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఫ్యాక్టరీ, ఇంటిపని, సంరక్షణ ఉద్యోగాల్లో జీతం, యజమాని గొడవలకు 1955. కొన్న వస్తువు మీద ఫిర్యాదుకు 1950.

ఆ నాలుగు మార్కుల కథ

ఇప్పుడు ఫారాలు. తైవాన్ మనిషి పేరు సాధారణంగా మూడు అక్షరాలు. కంప్యూటర్లన్నీ ఆ కొలతకే కుట్టిన చొక్కాలు. మన పేరు ఇంటిపేరు కాకుండానే వెంకట సత్య సూర్యనారాయణమూర్తి. కొట్టు నుంచి కొట్టుకు పంపే పార్సిళ్ళలో పేరు గడి చైనీస్‌లో రెండు నుంచి ఐదు అక్షరాలకు, ఇంగ్లీషులో నాలుగు నుంచి పది అక్షరాలకు కట్టేసి ఉంటుంది. ఇంటిపేరు దగ్గరే పది అయిపోతాయి. పార్సిల్ ఏడు రోజులు కొట్టులో ఉంటుంది. తీసుకునేటప్పుడు ఫోను నంబరు చివరి మూడు అంకెలు, గుర్తింపు కార్డు మీద పేరు సరిపోవాలి. గడిలో "బాబు" అని రాసి, కార్డు మీద బాబు ఎక్కడో చివర ఉంటే కౌంటరు అమ్మాయి రెండు నిమిషాలు వెతుకుతుంది, మేనేజరును పిలుస్తుంది, మూడుసార్లు "బు హావ్ ఈ స" అంటుంది. ఇవ్వడం ఇవ్వకపోవడం మాత్రం ఆ తెర మీద ఉన్నదాన్ని బట్టే. పరిష్కారం తేలికే: నివాస కార్డు మీద మొదట ఏ పదం ఉందో అదే పది అక్షరాల వరకు, ప్రతిసారీ ఒకేలా రాయండి. ముద్దుపేర్లు వద్దు.

ఇంకా మంచిది, చైనీస్ పేరు ఒకటి పెట్టుకుని నివాస కార్డులోనే వేయించుకోవడం. మూడు అక్షరాలు చాలు. బ్యాంకు, బీమా, పార్సిల్, క్లినిక్ పిలుపు అన్నీ సాఫీ అవుతాయి. అక్షరాలు మీరే నెట్‌లో ఏరుకోకుండా డిపార్ట్‌మెంటులో ఎవరినైనా అడగండి. శబ్దం బాగుండి అర్థం వెక్కిరించేలా ఉండే పేర్లు పెట్టుకున్న విదేశీయులు అక్కడ కొదవ లేరు.

విదేశీయుల గుర్తింపు సంఖ్య 2021 జనవరి దాకా వేరే పద్ధతిలో ఉండేది. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలుండటంతో చాలా వెబ్‌సైట్లు దాన్ని తప్పు అని తిప్పికొట్టేవి. 2021 జనవరి 2 నుంచి స్థానికుల సంఖ్యలాగే ఒక అక్షరం, తొమ్మిది అంకెలు వచ్చాయి. గొడవ చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. తెర తిప్పికొట్టినప్పుడు కౌంటరు మనిషిని నిలదీసి లాభం లేదు. ఆ మనిషి మీకంటే ఎక్కువ ఇబ్బంది పడుతుంటాడు. "కాగితం మీద నింపొచ్చా?" అని అడగండి. చాలా ఆఫీసుల్లో ఆ దారి తెరిచే ఉంటుంది, అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

అద్దె ఇల్లు ఇంకో మెట్టు కింద. ఫోనులో మర్యాదగా మాట్లాడిన యజమాని మీరు విదేశీయులని తెలియగానే "బు హావ్ ఈ స, ఇప్పుడే వేరేవాళ్ళు తీసుకున్నారు" అనవచ్చు. నిజం కావచ్చు, కాకపోవచ్చు. మొహం మీద కాదనడం అక్కడి పద్ధతి కాదు కాబట్టి తిరస్కారం కూడా మెత్తగానే వస్తుంది. చిన్న గదుల్లో చాలావాటికి వంటగది ఉండదు, పోపు పెట్టాలనుకునేవాళ్ళు ముందే అడిగి తేల్చుకోవాలి. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించి అడగకూడదని 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ఉంది. ఒప్పందం చైనీస్‌లోనే ఉంటే సంతకానికి ముందు ఆ గడి ఒక్కటైనా చూడండి.

మర్యాద అందరికీ ఒకే కొలతలో అందుతుందని అనుకోవడం కూడా పొరపాటే. పర్యాటకుడికి, ప్రొఫెసరుకు దొరికినంత మెత్తదనం ఫ్యాక్టరీ కార్మికుడికి, వృద్ధులను చూసుకునే ఆగ్నేయాసియా అమ్మాయికి దొరకదు. అలాంటి కార్మికులు ఏడు లక్షలకు పైగా ఉన్నారక్కడ. 2024 ఫిబ్రవరి 16న భారత్, తైవాన్ కార్మికుల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. కొద్ది వారాలకే అక్కడి అప్పటి కార్మిక మంత్రి ఈశాన్య భారతీయుల ఒంటి రంగు గురించి మాట్లాడి, విమర్శలు రావడంతో క్షమాపణ చెప్పారు. మనం మాత్రం తక్కువేమీ కాదు. ఆర్కే బీచ్‌లో తెల్లవాళ్ళతో సెల్ఫీ కోసం ఎగబడి, ఏయూలో చదివే ఆఫ్రికా కుర్రాడికి అద్దె ఇల్లు అనేసరికి వెనక్కి తగ్గే మనకు ఈ వ్యవహారం కొత్తగా అనిపించకూడదు.

గొడవ వస్తే గొంతు పెంచకండి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటోవాడితో వేసుకునే రెండు మాటలు అక్కడ వేసుకుంటే చిక్కే. నలుగురిలో తిట్టడం తైవాన్ శిక్షాస్మృతిలో నేరం, జరిమానా పడుతుంది. గొంతు పెంచిన క్షణం నుంచి ఎదుటివాళ్ళు మీ సమస్య పక్కనబెట్టి మీ ప్రవర్తనను చూస్తారు. బిల్లు, ఫొటో, తేదీ బల్ల మీద పెట్టి నిలబడితే త్వరగా తేలుతుంది.

మూట కట్టేటప్పుడు

మనకూ తైవాన్‌కూ దౌత్య సంబంధాలు లేవు కాబట్టి రాయబార కార్యాలయం అన్న బోర్డు వెతక్కండి. ఆంధ్రావాళ్ళకు వీసా పని చూసేది చెన్నైలోని తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్. అమెరికా, జపాన్, షెంజెన్ లాంటి వీసాలున్నవాళ్ళకు షరతులకు లోబడి ఆన్‌లైన్ అనుమతితో 14 రోజులు ఉండే వీలుంది. విశాఖ నుంచి నేరు విమానం లేదు, సింగపూరు మీదుగా వెళ్ళడం తేలిక.

అమ్మలు కట్టిచ్చే మాంసం పచ్చళ్ళు, చికెన్ పచ్చళ్ళు ఇంట్లోనే వదిలేయండి. మాంసం ఏ రూపంలో ఉన్నా విమానాశ్రయంలో ఆపుతారు. పంది మాంసపు సరుకైతే మొదటిసారికే రెండు లక్షల తైవాన్ డాలర్ల జరిమానా. అక్కడి అధికారి ఎంతో మర్యాదగా, రెండు చేతులతో ఆ రసీదు అందిస్తాడు. ఆవకాయ, గోంగూర, కందిపొడికి ఈ బాధ లేదు.

సాయం చేసినవాళ్ళకు ఇవ్వడానికి అరకు కాఫీ పట్టుకెళ్ళండి. కాఫీ అంటే అక్కడ ప్రాణం పెడతారు, కొట్టుల్లో కూడా గింజలు అప్పటికప్పుడు మర పట్టి ఇస్తారు. చికోరీ కలిపిన ఫిల్టరు పొడి వద్దు, వేయించిన గింజలు పావుకిలో ప్యాకెట్లు తీసుకోండి. గడియారం, గొడుగు బహుమతిగా ఇవ్వరు, వాళ్ళ భాషలో ఆ మాటలు అశుభంగా వినబడతాయి. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వండి, మొదట ఒకటి రెండుసార్లు వద్దంటారు, అది లాంఛనం. నాలుగు అనే మాట చావు అనే మాటలా వినబడుతుంది కాబట్టి ఇంటి యజమానికి ప్యాకెట్లు మూడో, ఆరో ఇవ్వండి.